ముందే పెట్టిన టిక్కు

2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ తెలుగులోకి వచ్చాయి. లాల్‌గడి మలక్‌పేట్ లాంటి ఊళ్లలో ఇంగ్లిష్ రాని అమ్మ కూడా తన చీర తానే ఎంచుకునే వీలు కలిగింది. చాలా మంచి మార్పు. అయితే నమ్మకం నిలిచేది, చెడేది డబ్బు కట్టే దగ్గరే.

చీర 499 రూపాయలని చూస్తాం. చివరికి వచ్చేసరికి మనం అడగని బీమానో విరాళమో బిల్లులో కలిసి ఉంటుంది, పక్కన చిన్న అక్షరాలు, ముందే పెట్టిన టిక్కు! అలా సమ్మతి తీసుకోవడం 2020 ఈ-కామర్స్ నిబంధనలకే విరుద్ధం. ఇలాంటి 13 రకాల మాయలను 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించింది. మొత్తం ధర మొదటే చూపించాలి, వాపసు బటన్ వెతక్కుండా దొరకాలి. కొనేవారిని గౌరవించడమంటే అదే. మోసం అనిపిస్తే ఊరుకోకండి, వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోన్ చేయండి.