మందు బలమైనదే... లోపలికి వెళ్తేనే కదా!

పోయిన నెల మా నాన్నగారికి యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. కల్చర్ రిపోర్ట్ చూస్తే యాంటీబయాటిక్ పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందు పనిచెయ్యదని. రెండింటి పక్కన మాత్రమే ఎస్ ఉంది. బ్యాక్టీరియా పేరు క్లెబ్సియెల్లా. "వాంకోమైసిన్ చాలా పవర్‌ఫుల్ అంటారు కదా, అది ఇవ్వొచ్చుగా?" అని డాక్టరు గారిని అడిగాను. "అది దీని లోపలికి దూరనే దూరదు బాబూ" అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని చదివిందే ఈ ఎపిసోడ్.

వాంకోమైసిన్ దెబ్బకొట్టేది బ్యాక్టీరియా గోడని. గ్రామ్ పాజిటివ్ రకాల్లో ఆ గోడ బయటికే ఉంటుంది, మందు నేరుగా వెళ్లి పట్టుకుంటుంది. ఈ.కోలి, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ లాంటివి గ్రామ్ నెగెటివ్. వీటికి గోడ మీద ఇంకో పొర కప్పి ఉంటుంది. ఆ పొర చాలా మందుల్ని దాటనివ్వదు. మరి బ్యాక్టీరియాకి తిండి ఎలా? అందుకే పొరలో ప్రోటీన్‌తో చేసిన సన్నని గొట్టాలు ఉంటాయి. వాటినే పోరిన్లు అంటారు. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఫైర్‌వాల్‌లో తెరిచి ఉంచిన పోర్టులన్నమాట.

ఈ.కోలిలో ఓమ్ప్-ఎఫ్ అనే పోరిన్ ఉంది. దాని నిర్మాణం 1992లో బయటపడింది. గొట్టం మధ్యలో ఒక లూప్ లోపలికి మడుచుకుని దారిని ఇరుకు చేస్తుంది. అక్కడ వెడల్పు సుమారు 0.7 బై 1.1 నానోమీటర్లు, అంతే! పైగా ఒక పక్క నెగెటివ్ చార్జ్, ఎదురు పక్క పాజిటివ్ చార్జ్. అంటే సైజు ఒక్కటే చాలదు, చార్జ్ కూడా కుదరాలి. మామూలుగా 600 డాల్టన్ల లోపు అణువులే దాటగలవు. ఆంపిసిలిన్ దాదాపు 349, వెళ్లిపోతుంది. వాంకోమైసిన్ దాదాపు 1,449. ఇక ఎలా పడుతుంది?

ఇప్పుడు అసలు సమస్య. సన్నగా ఉండే మందుల్ని కూడా ఆపడం ఇవి నేర్చుకున్నాయి. సూడోమోనాస్‌లో ఓపీఆర్-డి అనే గొట్టం పోతే ఇమిపెనెమ్‌కి ముఖ్యమైన దారి మూసుకుపోతుంది. కొన్ని క్లెబ్సియెల్లాల్లో ఆ లూప్‌కి కేవలం రెండు అమైనో ఆమ్లాలు అదనంగా చేరి దారి ఇంకా ఇరుకైంది. ఎలాగోలా లోపలికొచ్చిన కాస్త మందునీ పంపులు బయటికి తోసేస్తాయి, ఎంజైములు ముక్కలు చేస్తాయి.

తలుపులు మూసుకుంటే దానికీ తిండి తగ్గుతుంది కదా? నిజమే, మామూలు రోజుల్లో అలాంటివి వెనకబడొచ్చు. కానీ మనం మందు వేసుకున్న రోజున తలుపు తెరిచినవి చచ్చి, మూసినవి మిగులుతాయి. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కుంటే జలుబు తగ్గదు, మన పేగుల్లోని బ్యాక్టీరియాకి మాత్రం ఈ ఎంపిక జరిగిపోతుంది.

సైంటిస్టులూ ఊరుకోలేదు. 2019లో అమెరికాలో అనుమతి వచ్చిన సెఫిడెరోకాల్ ఇనుముని పట్టుకుని వెళ్తుంది. బ్యాక్టీరియాకి ఇనుము కావాలి, దానికి వేరే తలుపు ఉంది. ఇనుము అనుకుని మందునే లోపలికి లాక్కుంటుంది!

నాన్నగారికి ఆ రెండు ఎస్‌లలో ఒకటి పనిచేసింది. ఇప్పుడు బాగున్నారు. ఆ రెండూ ఆర్ అయిపోకుండా చూసుకోవడం మాత్రం మన అందరి చేతుల్లో ఉంది. డాక్టరు రాయకుండా యాంటీబయాటిక్ కొనకండి. మళ్లీ కలుద్దాం.