గాదెలో గింజలు, గణకయంత్రములో సంఖ్యలు

గాదెలో ధాన్యము పోయు రైతు ఒక్కొక్క గింజను విడిగా పొట్లము గట్టి, ఆ పొట్లములను ఇల్లంతయు తలకొక చోట ఉంచి, ఏది యెక్కడ నున్నదో తెలుపు చీటీలను మాత్రము గాదెలో దాచునా? వినుటకే నవ్వు వచ్చును. కాని లోకమున విరివిగా వాడుకలో నున్న 'జావా' అను కంప్యూటరు భాషలో, సంఖ్యల విషయమున జరుగునది ఇంచుమించు ఇదియే. ఆ వింతయు, దానికి గల విరుగుడును శ్రోతలకు మనవి చేసెదను.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన ఈ భాషలో విలువలు రెండు తెగలు. పూర్ణసంఖ్య, దశాంశసంఖ్య, అక్షరము మొదలగు మూలరకములు ఎనిమిది గలవు. తక్కినవన్నియు 'ఆబ్జెక్టులు'. జాబితా, పట్టిక మొదలైన సాధారణ సంచయములు ఆబ్జెక్టులనే స్వీకరించును. ఇందు సౌలభ్యము లేకపోలేదు. జాబితా నొక్కసారి నిర్మించిన చాలును. పేర్లకును తేదీలకును అదియే ఉపకరించును. అయితే మూలసంఖ్య దానిలో చేరవలెనన్నచో 'ఇంటీజర్' అను పెట్టెలో కూర్చుండక తప్పదు. 2004లో వచ్చిన అయిదవ కూర్పునుండి ఈ పెట్టె కట్టు పనిని భాషయే నిర్వహించుచున్నది. వ్రాయువానికి శ్రమ తగ్గినది. యంత్రమునకు తగ్గలేదు. పైగా ఆ ఖర్చు కంటికి కనబడకుండ పోయినది.

ఖర్చెంత? పూర్ణసంఖ్యకు 4 బైట్ల చోటు చాలును. నేటి 64 బిట్ల యంత్రములపై సాధారణముగా దాని పెట్టెకు 16 బైట్లు, చిరునామా చీటీకి 4, వెరసి 20 బైట్లు పట్టును. పది లక్షల సంఖ్యలకు 40 లక్షల బైట్లు చాలవలసిన చోట రెండు కోట్లు కావలెను. అదిగాక, వరుసగా నున్న సంఖ్యలను చదువుట ప్రాసెసరునకు సులభము. చీటీ పట్టుకొని చోటుచోటునకు తిరుగుట ఆలస్యము.

ఖర్చు కంటె పెద్దది పొరపాటు. –128 మొదలు 127 వరకు గల సంఖ్యలకు జావా ముందుగా కట్టియుంచిన పెట్టెలనే మరల మరల ఇచ్చును. ఆ పైవానికి సాధారణముగా క్రొత్త పెట్టె కట్టును. జంట సమానచిహ్నముతో పోల్చినచో అది పెట్టెలనే పోల్చును గాని లోని సంఖ్యలను చూడదు. అందుచే 127ను 127తో పోల్చిన 'సమానము' అనియు, 128ను 128తో పోల్చిన 'కాదు' అనియు జవాబు రావచ్చును. చిన్న లెక్కలతో పరీక్షింపగా నెగ్గిన ప్రోగ్రాము, పెద్ద లెక్క వచ్చిన నాడు మోసపుచ్చును.

దీనికి విరుగుడు రకమునకొక సంచయము. ఇటలీకి చెందిన సెబాస్టియానో విన్యా నిర్మించిన 'ఫాస్ట్‌యుటిల్', మరియు 'ఎక్లిప్స్ కలెక్షన్స్' ఇట్టివే. వీనిలో పూర్ణసంఖ్యల జాబితా పూర్ణసంఖ్యలనే గింజలవలె ప్రక్కప్రక్కన నింపుకొనును. పొట్లములు లేవు, చీటీలు లేవు.

ఇందును చిక్కులు గలవు. ఎనిమిది రకముల సూచికలకు ఎనిమిది రకముల విలువలను జతపరచినచో పట్టికలే 64 కావలెను. అందుచే ఫాస్ట్‌యుటిల్ వానిని చేతితో వ్రాయక, ఒక మాదిరినుండి యంత్రముచేతనే పుట్టించును. మరియొకటి. మామూలు పట్టిక వెదకినది దొరకనిచో 'లేదు' అని చెప్పును. ఫాస్ట్‌యుటిల్ సంఖ్యల పట్టిక, మనము వేరుగా నిర్ణయింపనిచో, సున్న నిచ్చును. వాన కొలత సున్నయా, కొలతయే తీయలేదా అను భేదము అక్కడ మరుగుపడును. కావున ముందుగా విచారించుకొనవలెను.

మైక్రోసాఫ్టు వారి 'సీ షార్ప్' భాష 2005లో వచ్చిన రెండవ కూర్పుననే ఈ చిక్కును భాషలోనే పరిష్కరించినది. జావాలో ఈ రెండు తెగల అంతరమును తగ్గించుటకై 2014లో 'వల్హల్లా' అను ప్రయత్నము ఆరంభమైనది.

పదియో ఇరువదియో సంఖ్యలున్న చోట మామూలు జాబితా చాలును; దానికై క్రొత్త సరంజామా తెచ్చుట వృథా. లక్షలకొలది కొలతలు గుట్టపడు చోట మాత్రము ఒక్కొక్క పెట్టె ఖర్చును లెక్కింపవలెను. నాలుగు గింజలను పొట్లము కట్టినను నష్టము లేదు. పంటనంతయు పొట్లములు కట్టబూనినచో ఇల్లు చాలదు.