మా బడిలో లినక్స్ ఉంది, మీ సాఫ్ట్‌వేర్ ఎప్పుడొస్తుంది?

ఈ వారం ఎపిసోడ్ కొంచెం వేరేగా ఉంటుంది. కొత్త ఫోన్ రివ్యూ లేదు, సెట్టింగ్స్ ట్రిక్ లేదు. మీ అందరి చేతా ఒక మెయిల్ రాయించాలని కూర్చున్నాను. ఎవరికి, ఎందుకు అనేది చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందు మీ చేతిలో ఉన్న ఫోన్ ఒకసారి చూడండి. అది ఆండ్రాయిడ్ అయితే దాని అడుగున పనిచేసేది లినక్స్ కెర్నల్. 1991లో ఫిన్లాండ్‌లో హెల్సింకీ యూనివర్సిటీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు మొదలుపెట్టింది అది. అంటే మీరు పొద్దున అలారం ఆపినప్పటి నుంచి రాత్రి రీల్స్ చూసేదాకా లినక్స్ మీదే బతుకుతున్నారు. కానీ అదే లినక్స్‌ని ఒక కంప్యూటర్‌లో వేసుకుని చదువుకుందామంటే మాత్రం చాలా ఎడ్యుకేషన్ కంపెనీలు తలుపు తీయట్లేదు. ఇదేదో కంప్యూటర్ పిచ్చోళ్ల గొడవ అనుకోకండి. నాకు ఇది మా ఊరి బడిలో ఎదురైంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా లెక్కల మాస్టారింటికి వెళ్లాను. నేను చదువుకున్న హైస్కూల్లోనే ఆయన ఇంకా పని చేస్తున్నారు. అరిసెలు పెట్టి, కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, "ఒరేయ్, మన ల్యాబ్‌లో పది కంప్యూటర్లు మూలన పడున్నాయి. పనికొస్తాయేమో ఒకసారి చూడరా" అన్నారు. సెలవులయ్యాక ఇంకో రెండు రోజులు ఊళ్లోనే ఉండిపోయాను. నాలుగు అసలు ఆన్ కాలేదు. వాటిలోంచి ర్యామ్‌లు పీకి మిగతా ఆరింటికి వేస్తే, అవి ప్రాణం పోసుకున్నాయి. కానీ పాత విండోస్ ఆన్ అయ్యేలోపు టీ తాగి రావచ్చు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, కొత్త రకం ప్రాసెసర్ కావాలి. ఈ కంప్యూటర్లు ఆ లెక్కలో ఎక్కడా లేవు.

అందుకని లినక్స్ మింట్‌లో తేలిక రకం, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ అంటారు, అది వేశాను. లైసెన్స్ డబ్బులు లేవు. ఆరు కంప్యూటర్లూ చకచకా పనిచేశాయి. బొమ్మలు వేసుకోవడానికి టక్స్ పెయింట్, చిన్న చిన్న ఆటలతో నేర్చుకోవడానికి జీకాంప్రి, రేఖాగణితానికి జియోజీబ్రా పెట్టాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి జియోజీబ్రాలో త్రిభుజం గీసి, మూల పట్టుకుని లాగుతూ, "సార్, ఎంత లాగినా మూడు కోణాలు కలిపితే 180 వస్తోంది" అని అరిచింది. మాస్టారి మొహం చూడాలి అప్పుడు. ఇన్నేళ్లుగా బోర్డు మీద ఆయన చెప్తున్నది ఆ పిల్ల తన చేత్తో పట్టుకుని చూసింది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఊళ్లో ఒక పెద్దాయన మంచి మనసుతో బడికి పాఠాల ప్యాకేజీ ఒకటి కొనిచ్చారు. 8 నుంచి 10 దాకా తెలుగు మీడియం వీడియోలు, ప్రాక్టీస్ టెస్టులు, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మా బడికి కావలసింది సరిగ్గా అదే. పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే లోపల ఒక్కటే ఇన్‌స్టాలర్, విండోస్‌కి చేసిన డాట్ ఈఎక్స్‌ఈ ఫైల్.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తయారుచేసిన ప్రోగ్రామ్ ఇంకోదాని మీద నేరుగా నడవదు. మీటర్ గేజ్ పట్టాల మీద బ్రాడ్ గేజ్ రైలు పెట్టినట్టు ఉంటుంది. మధ్యలో వైన్ అనే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్ ప్రోగ్రామ్‌లని లినక్స్‌లో నడిపించడానికి. దాంతోనూ ప్రయత్నించాను. తెర మీద లోగో వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. లైసెన్స్ నంబర్ అడిగే దగ్గర ఆగిపోయింది. ఇక కదల్లేదు.

కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండు రోజులకి జవాబు వచ్చింది. సారాంశం ఏంటంటే, మాది విండోస్‌లోనే పనిచేస్తుంది, దయచేసి విండోస్ వాడండి. అంతే.

ఒక టీచర్ గారు పక్క నుంచి, "పాత విండోసే దొంగ కాపీ ఒకటి వేసేయండి, ఎవరు చూడొచ్చారు" అన్నారు. మా మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పిల్లలకి పాఠం చెప్పడానికి ముందు దొంగతనం చెయ్యాలంటావా?" అన్నారు. ఆ మాటే నా చేత ఈ ఎపిసోడ్ చేయిస్తోంది.

మీలో కొందరు ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు, "అన్నా, ఆ కంపెనీకి ఆండ్రాయిడ్ యాప్ ఉంటుంది కదా, ఫోన్లో చూసుకోవచ్చు కదా" అని. నిజమే, ఉంది. కానీ ఆ పిల్లల ఇళ్లలో చాలామందికి ఒక్కటే ఫోన్. అది నాన్నతో పాటు పొలానికి పోతుంది, లేదా అమ్మతో పాటు పనికి పోతుంది. రాత్రి ఇంటికొచ్చేసరికి ఛార్జింగ్ ఉండదు, డేటా అయిపోయి ఉంటుంది. బడిలో కంప్యూటర్ ఒక్కటి పనిచేస్తే దాని ముందు నలుగురు కూర్చుంటారు.

సరే, కంపెనీల వైపు నుంచి కూడా ఆలోచిద్దాం. వాళ్లు చెప్పే కారణాలు మూడు.

మొదటిది, లినక్స్ ఎవరు వాడుతున్నారండీ అని. ప్రపంచం మొత్తం డెస్క్‌టాప్‌లు తీసుకుంటే నూటికి నాలుగైదు అంతే, ఒప్పుకుంటా. కానీ బళ్ల సంగతి వేరు. కేరళ చూడండి. అక్కడ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని ప్రాజెక్ట్ మొదలైంది, ఇప్పుడు దాన్ని కైట్ అంటారు. ఉబుంటు ఆధారంగా వాళ్లే బళ్ల కోసం ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసుకుని రాష్ట్రమంతా ప్రభుత్వ బళ్లలో వాడుతున్నారు. మన దగ్గర కూడా స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులో లినక్స్ తెచ్చారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ బాస్ అనే లినక్స్ చేసింది. అంటే వాడేవాళ్లు ఉన్నారు. సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి ఇంకా ఎక్కువమంది రావట్లేదు, ఎక్కువమంది లేరు కాబట్టి సాఫ్ట్‌వేర్ చెయ్యట్లేదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఎవరో ఒకరు ముందు కదలాలి. డబ్బులు తీసుకునేవాళ్లు కదిలితే న్యాయం.

రెండోది, లినక్స్‌లో రకాలు ఎక్కువ, ఉబుంటు, మింట్, ఫెడోరా, దేనికని చెయ్యాలి అంటారు. అన్నిటికీ చెయ్యక్కర్లేదు. ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్ అని ప్యాకేజీ పద్ధతులు ఉన్నాయి. ఒకసారి తయారుచేస్తే చాలా రకాల లినక్స్‌ల మీద నడుస్తుంది. అదీ కష్టమంటే, ఉబుంటు ఎల్‌టీఎస్ ఒక్కదానికే చేసి ఆ మాట స్పష్టంగా రాయండి. మిగతాది మేం చూసుకుంటాం.

మూడోది ఖర్చు. ఇది నిజమైన మాట, కొట్టిపారేయను. యూనిటీ, గోడో, క్యూటీ, ఎలక్ట్రాన్ లాంటివాటితో చేసిన సాఫ్ట్‌వేర్‌ని లినక్స్‌కి కూడా బయటకు తీయొచ్చు. కానీ బటన్ నొక్కగానే పని అయిపోదు. పరీక్షించాలి, లైసెన్స్ తాళం మళ్లీ రాయాలి, ఎవరైనా ఫోన్ చేస్తే జవాబు చెప్పాలి. నలుగురైదుగురు పనిచేసే చిన్న కంపెనీకి అది భారమే. అలాంటివాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, బ్రౌజర్‌లో నడిచేలా చెయ్యండి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు చూడండి. ఎక్కువ భాగం హెచ్‌టీఎంఎల్5లో ఉన్నాయి. విండోసా, లినక్సా, ఫోనా అని అడగవు. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తాయి.

ఇంకొక దారి తొక్కితే ఏమవుతుందో స్క్రాచ్ కథ చెప్తుంది. పిల్లలకి కోడింగ్ నేర్పే స్క్రాచ్‌ని ఎంఐటీ వాళ్లు 2007లో విడుదల చేశారు. పాత 1.4 వెర్షన్ లినక్స్‌లో చక్కగా ఉండేది. 2013లో వచ్చిన రెండో వెర్షన్, నెట్ లేకుండా వాడాలంటే అడోబీ ఎయిర్ మీద ఆధారపడింది. ఆ అడోబీ ఎయిరేమో 2011లోనే లినక్స్‌ని వదిలేసింది. దాంతో లినక్స్ ల్యాబుల్లో టీచర్లకి తిప్పలు మొదలయ్యాయి. 2019లో మూడో వెర్షన్ వచ్చాక బ్రౌజర్‌లో ఎక్కడైనా నడుస్తోంది. కానీ ఆఫ్‌లైన్ యాప్ మాత్రం మామూలు లినక్స్ కంప్యూటర్లకి అధికారికంగా ఇవ్వలేదు. అదృష్టం ఏంటంటే అది ఓపెన్ సోర్స్. కాబట్టి బయటివాళ్లు టర్బోవార్ప్ లాంటివి తయారుచేసి లినక్స్‌కి ఇచ్చారు. మా పెన్‌డ్రైవ్ ప్యాకేజీకి ఆ అదృష్టం లేదు. కంపెనీ తలుపు తీస్తేనే దారి.

ఇప్పుడు మన పని. మెయిల్ రాయడం. తిట్టుకుంటూ ఒక స్టార్ రేటింగ్ ఇస్తే ఎవరూ పట్టించుకోరు. నేను రెండోసారి ఎలా రాశానో చెప్తాను, మీరూ అలాగే రాయండి.

ఒకటి, మీరెవరు, ఎంతమంది వాడతారు అనేది రాయండి. "మా బడిలో ఆరు కంప్యూటర్లు, వాడే పిల్లలు ఇంతమంది" అని. రెండు, ఏ లినక్స్, ఏ వెర్షన్, ఎంత ర్యామ్. మూడు, సరిగ్గా ఎక్కడ ఆగిపోయిందో, స్క్రీన్‌షాట్‌తో సహా. నాలుగు, చిన్న కోరిక కోరండి. "మొత్తం తిరగరాయండి" అనొద్దు. "వీడియోలూ టెస్టులూ బ్రౌజర్‌లో తెరుచుకునేలా ఇవ్వగలరా" అనండి. అయిదు, సాయం చేస్తాం అనండి. "టెస్ట్ వెర్షన్ ఇస్తే మేమే చూసి తప్పులు చెప్తాం" అన్న మాట కంపెనీవాళ్లకి చాలా విలువైంది. ఇక కొనబోయేవాళ్లయితే డబ్బులు కట్టకముందే అడగండి, "లినక్స్‌లో నడుస్తుందా?" అని. అమ్మే మనిషి రోజుకి పదిసార్లు ఆ ప్రశ్న వింటే, పైన ఆఫీసులో కూడా ఆ మాట వినబడుతుంది.

నా రెండో మెయిల్ మాస్టారి పేరుతో, బడి లెటర్‌హెడ్ మీద వెళ్లింది. ఈసారి రెడీమేడ్ జవాబు రాలేదు. ఒక డెవలపర్ ఫోన్ చేశాడు. అతనూ గవర్నమెంట్ బళ్లో చదివినవాడేనట. ప్రాక్టీస్ టెస్టులు బ్రౌజర్‌లో తెరుచుకునేలా ఒక ఫోల్డర్ చేసి పంపాడు. అవి నడుస్తున్నాయి. వీడియోలు ఇంకా తాళంలోనే ఉన్నాయి, పైవాళ్లని అడగాలన్నాడు. మేం నెలకోసారి అడుగుతూనే ఉన్నాం. మాస్టారైతే క్యాలెండర్‌లో తారీకు దగ్గర సున్నా చుట్టి పెట్టుకున్నారు.

ఈ ఎపిసోడ్ చూస్తున్న ఎడ్యుకేషన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎవరైనా ఉంటే, మీకొక విన్నపం. మీ ప్రకటనల్లో ప్రతి బిడ్డకీ చదువు అని రాస్తారు కదా. పాత కంప్యూటర్ ముందు కూర్చున్న బిడ్డ కూడా అందులో ఉందని గుర్తుపెట్టుకోండి. కొత్తది కొనుక్కోలేకే లినక్స్ దాకా వచ్చింది ఆ పిల్ల. మీ పాఠం ఎక్కువ అవసరం తనకే.

మిగతావాళ్లు, ఇవాళ ఒక్క మెయిల్. మీరు చదివిన బడికి ఒకసారి వెళ్లి ల్యాబ్ తలుపు తీయించి చూడండి, ఏం రాయాలో అక్కడే తెలుస్తుంది. ఏ జవాబు వచ్చిందో కింద కామెంట్‌లో చెప్పండి, అన్నీ చదువుతాను. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.