గాజుపూస చెప్పు చరిత్ర

(జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగ పాఠము)



మన భాషలో చేతికి తొడుగుకొను గాజునకును, అది తయారగు పదార్థమునకును పేరు ఒక్కటే. బంగారముతో చేసినను అవి గాజులే. ఈ పరిశ్రమ మన జీవితములో ఎంత లోతుగా పాతుకొనినదో తెలియుటకు ఈ ఒక్క మాట చాలును. కాని గాజు పనివారు గ్రంథములు వ్రాయలేదు. వారి చరిత్ర రెండు చోట్ల నిలిచినది: ఒకటి పాటిదిబ్బల మట్టిలో, రెండవది పనివారి చేతులలో.

1945లో పుదుచ్చేరి సమీపమునగల అరికమేడులో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపెను. రెండువేల సంవత్సరముల నాటి ఆ రేవుపట్టణమున ఆవగింజలవంటి రంగురంగుల గాజుపూసలు విరివిగా దొరకినవి. ఇట్టి పూసలే ఆగ్నేయాసియాలోను, కొరియాలోను, ఆఫ్రికా తూర్పుతీరమునను బయల్పడినవి. అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ వీనికి ‘ఇండో-పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టెను.

అంత చిన్న పూసకు అంత సన్నని బెజ్జము ఎట్లు వచ్చినది? సమాధానము మన రాష్ట్రముననే దొరకినది. నేటి తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో ఆ పని 20వ శతాబ్ది చివరి దశకములవరకు పరిశోధకుల కంటబడినది. కరిగిన గాజుముద్దను ‘లడ’ అను పొడవైన ఇనుపగొట్టముపై శంకువువలె మలచెడివారు. గొట్టములోనుండి కడ్డీ దూర్చి ముద్దకు రంధ్రము చేసెడివారు. కొలిమి ఆవలి ప్రక్కనుండి నేర్పరియైన పనివాడు కొస పట్టి లాగగా గాజు సన్నని బోలుగొట్టమై సాగెడిది; నడిమి బెజ్జము చెదరెడిది కాదు. పిదప దానిని తునకలుగా నరికి, బూడిదతో కలిపి మరల కాచెడివారు. వేడి అంచులను నునుపు చేయును. బూడిద పూసలు ఒకదానికొకటి అంటకుండ కాపాడును.

మట్టిలోని పూస ప్రశ్న వేసినది. పనివాని చేయి జవాబు చెప్పినది. ఏ ఒక్కటి నశించినను ఈ చరిత్ర మనకు దక్కెడిది కాదు.

ఇది మన కృష్ణాజిల్లా మెట్టప్రాంతమునకు, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ గ్రామములకు, దూరపు మాట కాదు. 1882లో బర్జెస్ జగ్గయ్యపేట బౌద్ధస్తూపమును పరిశీలించునాటికే అచ్చటి రాళ్లు అనేకము తరలిపోయినవి. మిగిలిన స్తంభములపై ఒక శాసనము కలదు. ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 20వ పాలన సంవత్సరమున, అనగా క్రీ. శ. 3వ శతాబ్దమున, సిద్ధార్థుడను పనివాడు తన కుటుంబముతో కలిసి తూర్పుద్వారమున అయిదు ఆయక స్తంభములు నిలిపెను. అతని తండ్రియు అదే వృత్తివాడు. రాయి మిగిలినది గనుక ఆ పనివాని పేరు మిగిలినది. తరలిపోయిన రాళ్లతో ఎందరి పేర్లు పోయినవో చెప్పగలవారెవరు?

రాష్ట్రమున పురాతన స్థలముల రక్షణకై 1960లో చట్టము వచ్చినది. అయితే రక్షిత స్థలముగా ప్రకటింపబడని దిబ్బకు ఊరివారే కావలి. అందుచేత మీకు మూడు మనవులు.

పొలములకో, రోడ్లకో పాటిమన్ను త్రవ్వుకొనుటకు సమ్మతించుటకు ముందు ఆ దిబ్బను స్వయముగా చూడుడు. పూసలు, కరిగి గడ్డకట్టిన గాజు, బోలుగొట్టముల ముక్కలు కనిపించినచో పని నిలిపి, తహశీల్దారునకును పురావస్తుశాఖకును తెలుపుడు. చోటు తెలియని పూస వట్టి పూస మాత్రమే. గాజుముద్దల నడుమ దొరకిన పూస అచ్చట కొలిమి ఉండెనేమో యను విచారణకు దారితీయును.

మూడవది: కుమ్మరి కానిండు, కమ్మరి కానిండు, కొడుకులు చేపట్టని పనిని నేటికిని చేయుచున్న వృద్ధులు మీ ఊర నుందురు. వారి పనిముట్ల పేర్లను, పని తీరును బడిపిల్లలచేత వ్రాయించి పంచాయతీ కార్యాలయమున భద్రపరచుడు. దీనికి కావలసినది ఒక నోటుపుస్తకమే. దిబ్బ వేయి యేండ్లయినను వేచియుండగలదు. వృద్ధుని చేయి అంతకాలము వేచియుండదు.