తీగ తేదీలు రాసిపెట్టండి



ఫ్రాన్స్‌లోని బోన్ పట్టణంలో ద్రాక్ష కోసిన కూలీలకు చర్చివాళ్లు చెల్లించిన డబ్బుల లెక్కలు భద్రంగా ఉన్నాయి. వాటినీ, నగరసభ పత్రాలనూ కలిపి చూసి, 1354 నుంచి 2018 వరకు కోత ఏ ఏడు ఎప్పుడు మొదలైందో చరిత్రకారులు తేల్చారు. 1987 దాకా సగటున సెప్టెంబరు 28. ఆ తర్వాత వేడి పెరిగి 13 రోజులు ముందుకు జరిగింది. 2021లోనైతే మార్చి చివరి వేడికి అక్కడి తీగలు తొందరపడి చిగిర్చాయి. ఏప్రిల్ మొదట్లో గడ్డకట్టే చలి ఆ చిగుళ్లను మాడ్చేసింది.

అక్కడిలా మన దక్కనులో తీగకు చలినిద్ర లేదు. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో కాయ కోసం మనమే కత్తిరించి నడిపిస్తాం. అయితే గుత్తికి పునాది పడేది వేసవి కత్తిరింపు తర్వాత నెలన్నర, రెండు నెలల్లో, కొమ్మ మీది కన్ను లోపల. అప్పుడు దానికి ఎండ కావాలి. రోజుల తరబడి మబ్బు కమ్మితే కొమ్మ ఏపుగానే సాగుతుంది, కన్ను మాత్రం గొడ్డుపోతుంది. గుత్తి రావలసిన చోట నులితీగ వస్తుంది. పైకి చూస్తే కాసే కన్నూ, గొడ్డు కన్నూ ఒకేలా ఉంటాయి. బ్లేడుతో పొరలు విప్పి మైక్రోస్కోపు కింద పెడితేనే తేడా తెలుస్తుంది. ఎన్నో కన్ను మీద కత్తిరించాలో చెప్పేది ఆ పరీక్షే. ఉద్యాన విద్యలో పట్టాలు అందుకున్న మీరు దాన్ని చేయకుండా రైతుకు కత్తిరింపు సలహా ఇవ్వకండి.

అక్టోబరులో కత్తిరించాక వాన పట్టుకుంటే పూత మీద బూజు తెగులు పడుతుంది. వానకు భయపడి ఆలస్యం చేస్తే కాయ ముదిరే వేళకు ఎండలు ముదురుతాయి. ఈ ఇరకాటంలో రైతు ఒంటరిగా ఉన్నాడు. హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిళ్లు తరిగిపోవడానికి భూముల ధరలూ కారణమే, అంతా వాతావరణం మీదికి నెట్టడం న్యాయం కాదు. కానీ మిగిలిన తోటలను కాపాడుకోవాలంటే తీగ నడక మారిన తీరు మన దగ్గర రాతలో ఉండాలి.

మీరు అడుగుపెట్టిన ప్రతి తోటలో ఒక నోటుపుస్తకం పెట్టించండి. కత్తిరించిన రోజు, కన్ను విచ్చుకున్న రోజు, పూత, వాన, కోత అన్నీ రాయించండి. ఈ వేసవి కత్తిరింపుతోనే మొదలుపెట్టండి.