నింగి దారి, నేల దారి



రాజమహేంద్రవరపు విమానాశ్రయము మధురపూడిలో నున్నది. తిరుపతి విమానాశ్రయము రేణిగుంటలో నున్నది. ఈ రెంటి నడుమ దూర మెంత యని యెవరైన నన్నడిగినచో, ఏ దూరమని నేను మరల ప్రశ్నింతును. ఏలయన, ఈ దూరములు మూడు.

మొదటిది ఆకాశదూరము. దీనిని వీథియరుగుపై కూర్చుండియే లెక్కింపవచ్చును. భాస్కరాచార్యుల లీలావతిలోని భుజ కోటి కర్ణముల లెక్క చాలును. ఈ రెండు తావులకు అక్షాంశభేదము సుమారు మూడున్నర భాగలు. భాగకు 111 కిలోమీటర్ల చొప్పున 388 కిలోమీటర్లు. రేఖాంశభేదము సుమారు రెండుంబావు భాగలు. మన సీమలో భాగకు 107 చొప్పున 241. ఈ రెంటి వర్గములను కూడి మూలము తీసినచో, ఇంచుమించు 457 కిలోమీటర్లు కర్ణమగును.

రెండవది నేలదూరము. బాట గోదావరిని దాటి, ఏలూరు, బెజవాడ, ఒంగోలు, నెల్లూరుల మీదుగా నాయుడుపేట చేరి, అచట పడమటికి తిరిగి శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు పోవును. ఇది సుమారు 570 కిలోమీటర్లు. మన తీరము వింటివలె వంగియున్నది. బాట వింటిబద్దను బట్టి పోవును. పక్షి అల్లెత్రాటిని బట్టి పోవును. పటముపై గీత గీచి చూడుడు: అది కృష్ణాముఖము కడ సముద్రముపైకి పోయి, నెల్లూరు సీమలో మరల నేలకు వచ్చును.

మూడవది ప్రయాణికుని దూరము. నేరుగా పోవు విమానము లేని దినమున హైదరాబాదు మీదుగా పోవలెను. శంషాబాదునకు సుమారు 360, అటనుండి రేణిగుంటకు 417. వెరసి 777 కిలోమీటర్లు. అనగా నేలదారికంటె నింగిదారియే 200 కిలోమీటర్లు అధికము!

ఈ మూడవ లెక్కను నేను ఆలస్యముగా నేర్చుకొంటిని. తిరుపతిలో నున్న మా యక్కగారికి జబ్బు ముదిరినదని యొకనాటి రాత్రి కబురు వచ్చినది. మా తమ్ముడు తెల్లవారుజామున నాలుగింటికి కారు కట్టించుకొని, "అన్నయ్యా, నీవును రమ్ము" అని బ్రతిమాలెను. "విమాన ముండగా రోడ్డేల? నీకంటె ముందే చేరెదను" అంటిని. హైదరాబాదులో రెండవ విమానము నాలుగు గంటలు ఆలస్యమైనది. తమ్ముడు మధ్యాహ్నము మూడింటికి చేరెను. నేను చేరునప్పటికి రాత్రి తొమ్మిది. అక్కగారు వానిని పోల్చి మాటలాడిరట. నాకై రెండుమారు లడిగి, దీపాలవేళకు స్పృహ తప్పిరట. మఱి తెలివి రాలేదు. మఱునాటి యుదయమున, వారి చేయి నా చేతిలో నుండగనే ప్రాణము పోయినది.

ఇందు విమానమును నిందింపను. నలువది యేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన నేను గాలిలోని గంటలను మాత్రమే కూడితిని. ఇంటినుండి విమానాశ్రయమునకు పోవు కాలము, అచట కాచుకొను కాలము, నడుమ మజిలీ, దిగిన పిదప ఊరు చేరు కాలము విడిచితిని.

కావున, అయ్యలారా, నేరుగా పోవు విమానమున్న నాడు దానినే యెక్కుడు. అది మేలైన సాధనము. మజిలీ యున్న నాడు మాత్రము మీ గడపనుండి వారి గడపవఱకు గడియలను కూడి చూచుకొనుడు. రోగిని చూడబోవువారు ఈ లెక్కను మఱింత జాగ్రత్తగా చేయవలెను. సెలవు.