లెక్క ఎట్ల తీసిండ్రో అడగాలె

రాజకీయ పరిశోధన అంటే యూనివర్సిటీ ముచ్చటే అనుకోవద్దు. 1969 ఉద్యమంల అడిగిందేంది? తెలంగాణ మిగులు నిధులేమైనయని. 1956 నుంచి 1968 దాకా మిగులు 34.10 కోట్లని లలిత్ కమిటీ తేల్చింది. అదే కాలానికి భార్గవ కమిటీ 28.34 కోట్లన్నది. ఏ రాబడి ఎవరిది, ఏ ఖర్చు ఎవరి పద్దుల పడాలె? ఇది తేల్చే పద్ధతిని బట్టే అంకె వస్తది.

మేం ధర్నాల్ల 34 అంకెనే చదివినం, 28 ఊసెత్తలేదు. అది మా తప్పు. చిన్న అంకె చెప్పినా మన వాదం నిలబడుతది. మిగులున్నదని రెండు కమిటీలూ ఒప్పుకున్నయి.

అసలు కాగితం చూసుడు, అడ్డమొచ్చే అంకెను దాయకుండుడు, గిదే పరిశోధన. 2014ల రాష్ట్రమొచ్చింది. ఇగ మన సర్కారు లెక్కలను గూడ గిట్లనే అడుగుదాం. జై తెలంగాణ!